ఆదిభట్ల నారాయణ దాసు

అజ్జాడ ఆదిభట్ల నారాయణ దాసు (1864 ఆగష్టు 31 - 1945 జనవరి 2) సుప్రసిద్ధ హరికథా విద్వాంసుడు, సంగీతజ్ఞుడు, కవి, బహుభాషా పండితుడు. సంగీతం, సాహిత్యం, నృత్యం, అభినయం ఒక్క వ్యక్తిలోనే సమకూడవలసిన కళగా తెలుగు హరికథను తీర్చిదిద్దినందువలన ఈయన హరికథా పితామహుడుగా ప్రఖ్యాతి పొందాడు.

బాల్యం, విద్య

నారాయణ దాసు రక్తాక్షి నామ సంవత్సర శ్రావణ బహుళ చతుర్దశి నాడు అజ్జాడ గ్రామంలో లక్ష్మీనరసమాంబ, వేంకటచయనులు దంపతులకు జన్మించాడు. ఈ గ్రామం బలిజిపేట మండలంలో ఉన్నది. పూర్వం విజయనగరం జిల్లాకు చెందిన ఈ మండలం 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. చిన్ననాటనే పోతన భాగవత పద్యాలు ఆయనకు కంఠస్థమయ్యాయి. బొబ్బిలిలో వాసా సాంబయ్య వద్ద కొంతకాలం సంగీతం అభ్యసించాడు. తరువాత విజయనగరంలో అన్నగారి వద్ద ఉండి ఇంగ్లీషు చదువు సాగించాడు.

హరికథా రంగ ప్రవేశం

1883లో మద్రాసు నుండి వచ్చిన కుప్పుస్వామి నాయుడు విజయనగరంలో హరికథ చెప్పాడు. ఆ ప్రదర్శన నారాయణ దాసు జీవితాన్ని మలుపు త్రిప్పింది. ఆయన వెంటనే ధ్రువ చరిత్రమును స్వయంగా రచించి, అదే సంవత్సరం విజయనగరంలో గానం చేశాడు. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిది ఏళ్ళు. ఆ కాలంలో దక్షిణాదిన తంజావూరు కృష్ణ భాగవతార్ మహారాష్ట్ర కీర్తన పద్ధతిని అనుసరించి కథాకాలక్షేపాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. నారాయణ దాసు దానిని యథాతథంగా స్వీకరించలేదు. కథను తానే కూర్చుకుని, ప్రతి కీర్తనకూ రాగతాళాలు తానే నిర్ణయించి, కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, పాత్రలన్నిటినీ తానే అభినయించాడు.

గజ్జె, లయ

ఆయన నృత్యాన్ని విడిగా గమనించవలసిన కారణం ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దం చివర కందుకూరి వీరేశలింగం మొదలైన సంస్కర్తలు భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమించారు. విజయనగరంలోనే ఆనంద గజపతి ఆశ్రయం పొందిన గురజాడ అప్పారావు కన్యాశుల్కంలో ఈ యాంటీ నాచ్ వాదాన్ని రంగస్థలం మీదికి తెచ్చాడు. చదువుకున్నవారు నాట్యానికి దూరంగా జరుగుతున్న ఆ దినాలలో, వైదిక కుటుంబంలో పుట్టిన ఒక పండితుడు వేలాది జనం ఎదుట గజ్జె కట్టి ఆడటం చిన్న విషయం కాదు. భక్తి కథను ఆశ్రయించినందువలన నృత్యం దేవాలయ ప్రాంగణంలోను, పందిళ్ళలోను గౌరవంగా నిలిచింది.

లయ విషయంలో ఆయన ప్రజ్ఞ అసాధారణమైనది. రెండు పాదాలతో రెండు, రెండు చేతులతో రెండు, శిరస్సుతో ఒకటి చొప్పున ఏకకాలంలో అయిదు తాళాలు నడిపేవాడు. దీనికి పంచముఖి అని పేరు. ఇందులోని కష్టం తెలియాలంటే రెండు తాళాలను మాత్రం తీసుకుని చూడవచ్చు. ఎనిమిది అక్షరాల ఆది తాళం, ఏడు అక్షరాల మిశ్రచాపు ఒకేసారి ప్రారంభిస్తే, రెండింటి ఎత్తుగడ తిరిగి కలిసేది 56 అక్షరాలు గడచిన తరువాతనే. అయిదు అక్షరాల ఖండచాపు కూడా చేరితే ఆ దూరం 280 అక్షరాలవుతుంది. అయిదింటిని విడివిడిగా దేహంలో నిలుపుకుంటూ నోట పల్లవి పాడటం కేవలం గణితంతో సాధ్యమయ్యేది కాదు. పంచముఖి పరమేశ్వర, లయబ్రహ్మ అనే బిరుదులు ఆయనకు ఈ విద్య వలననే లభించాయి.

ఆస్థానం, పాఠశాల

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఈయన విషయంలోనూ కొంత నిజమైంది. మైసూరులో మహారాజు చామరాజేంద్ర ఒడయరు సత్కారం పొందిన వార్త వ్యాపించిన తరువాతనే విజయనగర ప్రభువు ఆనంద గజపతి ఈయనను తన ఆస్థానానికి పిలిపించుకున్నాడని చెబుతారు. షేక్స్పియర్, కాళిదాసుల రచనలనుండి రసవంతమైన ఘట్టాలను ఎన్నుకుని తెనిగించిన నవరస తరంగిణి ఈయన పాండిత్యానికి తార్కాణం.

1919లో మహారాజు విజయరామ గజపతి విజయనగరంలో గాన పాఠశాలను స్థాపించి, దానికి నారాయణ దాసును తొలి అధ్యక్షునిగా నియమించాడు. నరుని కొలువుకు ఆయన ఇష్టపడనందున పాఠశాలను శ్రీరాముని పేర విజయరామ గాన పాఠశాల అన్నారని ప్రతీతి. ప్రభువు పేరు కూడా అదే కావడం గమనార్హం. అదే సంవత్సరం ద్వారం వేంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ ఆచార్యుడుగా చేరాడు. 1936లో దాసు పదవి విరమించగా నాయుడు అధ్యక్షుడయ్యాడు. ఆ సంస్థ ఇప్పుడు మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా కొనసాగుతున్నది.

రచనలు

ధ్రువ చరిత్రముతోబాటు అంబరీష చరిత్రము, గజేంద్ర మోక్షణము, రుక్మిణీ కల్యాణము, సావిత్రీ చరిత్రము, భీష్మ చరిత్రము, జానకీ శపథము మొదలైన హరికథలు రచించాడు. సంస్కృతంలోనూ హరికథ వ్రాశాడు. 1932లో వెలువడిన రుబాయ్యాత్ విశేషమైన కృషి. ఉమర్ ఖయ్యామ్ పారశీక మూలాన్నీ, ఫిట్జెరాల్డ్ ఆంగ్లానువాదాన్నీ వేర్వేరుగా సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి మార్చాడు. రెండింటినీ పోల్చి చూసే పాఠకునికి ఆంగ్లకవి ఎక్కడెక్కడ మూలాన్ని వదిలాడో తెలిసిపోతుంది. ఈసపు కథలను నూఱుగంటి పేర అచ్చ తెలుగులో వ్రాశాడు. స్వీయచరిత్ర నా యెఱుకలో సుమారు ముప్పయ్యేళ్ళ వయస్సు వరకు జరిగిన విషయాలే ఉన్నాయి. అందువలన పాఠశాల నాటి సంగతులకు ఇతరుల జ్ఞాపకాలే ఆధారం.

హరికథల గ్రంథాలలో ప్రతి కీర్తనకూ రాగమూ తాళమూ సూచించబడి ఉన్నాయి. పాదాలు ఎలా కదిలేవో, ఏ మాటకు ఏ అభినయం పట్టేవాడో మాత్రం అచ్చులోకి రాలేదు. ఆ భాగం శిష్యుల ద్వారానే సంక్రమించింది. వాజపేయాజుల సుబ్బయ్య, నేమాని వరాహాలదాసు వారిలో పేర్కొనదగినవారు. ఒకరు పాటను, మరొకరు ఆటను ఎక్కువగా పట్టుకున్నందువలన, గురువు ఒక్కడిలో ఉన్నదంతా ఒక్క శిష్యునిలో చూడటం అరుదైపోయింది.

నారాయణ దాసు 1945 జనవరి 2న విజయనగరంలో మరణించాడు. తూర్పు గోదావరి సీమలోని కపిలేశ్వరపురంలో 1973లో నెలకొల్పిన శ్రీ సర్వారాయ హరికథా పాఠశాలలో బాలికలు సైతం గజ్జె కట్టి హరికథ నేర్చుకున్నారు.