ఘట్‌కేసర్ నుంచి పార్లమెంటుకు: సంగం లక్ష్మీబాయి

చౌటుప్పల్ నుంచి పట్నం పోయి సైదాబాద్ వైపు సిటీ బస్సెక్కితే కండక్టర్ 'ఐ.ఎస్. సదన్' అని అరుస్తాడు. ఆ రెండక్షరాలు ఇందిరా సేవా సదన్ అని మనలో ఎందరికి తెలుసు? తల్లిదండ్రులు లేని పిల్లల కోసం దాన్ని స్థాపించినావిడే సంగం లక్ష్మీబాయి.

ఆమె 1911లో ఘట్‌కేసర్‌లో జన్మించారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ఆడపిల్లల కోసం గుంటూరులో నడిపిన శారదా నికేతనంలో చదువుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని 1930-31లో ఏడాది జైలులో ఉన్నారు. 1951లో మన పక్కనే ఉన్న పోచంపల్లిలో భూదానం మొదలైంది. వినోబా గారి ఆ తొలి తెలంగాణ పాదయాత్రలో ఈమె కూడా నడిచారు.

మన జిల్లాలో ఆడవాళ్ళ రాజకీయం అంటే సాయుధ పోరాటమే గుర్తొస్తుంది. ఆరుట్ల కమలాదేవి గారు 1952లో ఆలేరు నుంచి శాసనసభకు వెళ్ళారు. అదే ఎన్నికల్లో లక్ష్మీబాయి గారు కాంగ్రెస్ తరఫున బాన్సువాడలో గెలిచారు. ఈమెది తుపాకీ దారి కాదు, ఖద్దరు దారి. గుడికీ సేవ చేశారు, అనాథలకూ సేవ చేశారు. అలాంటి సంప్రదాయ స్త్రీకి చట్టసభలో ఏం పని అనేవాళ్ళకు ఆమె జీవితమే జవాబని నా అభిప్రాయం.

హైదరాబాద్ రాష్ట్రంలో విద్యాశాఖ ఉపమంత్రిగా పనిచేశారు. ఆ తర్వాత 1957లో వికారాబాద్ నుంచి, 1962, 1967లలో మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. స్త్రీలకు మూడోవంతు సీట్ల చట్టం 2023లో గానీ రాలేదు. ఆమె మూడుసార్లూ ఏ రిజర్వేషనూ లేకుండానే గెలిచారు.

జైలు జ్ఞాపకాలను పుస్తకంగా రాశారు. 1979లో కన్నుమూశారు.