కట్టెల షెడ్డులో అక్కా తమ్ముడు

ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే క్యాబినెట్ తెరిచి పిల్లలకు చూపించండి. ప్రాసెసర్ మీద, ఫ్యాన్ కింద వరుసగా రేకుల్లా ఉండేదే హీట్‌సింక్. వేడిని లాగడంలో రాగి అల్యూమినియం కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా మేలు. అయినా ఎక్కువగా వాడేది అల్యూమినియమే. బరువు రాగిలో మూడో వంతు కూడా ఉండదు, ధరా తక్కువ. ఆ ధరను దించినవాడు చార్లెస్ మార్టిన్ హాల్.

1863లో అమెరికాలోని ఒహాయోలో ఒక పాస్టర్ ఇంట్లో పుట్టాడు. అప్పట్లో అల్యూమినియం వెండిలా ఖరీదు. దాన్ని చవగ్గా తీసే పద్ధతి కనిపెట్టినవాళ్ల దశ తిరుగుతుందని ఓబర్లిన్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ జ్యూవెట్ అన్న మాట హాల్ మనసులో నాటుకుంది. (మనం క్లాసులో యథాలాపంగా అనే మాటలు ఎవరికి తగులుతాయో!)

1885లో డిగ్రీ అయ్యాక ఇంటి కట్టెల షెడ్డులోనే ప్రయోగాలు. బ్యాటరీలు కూడా సొంతంగా చేసుకున్నవే. అదే కాలేజీలో కెమిస్ట్రీ చదివిన అక్క జూలియా తోడుంది. మట్టి మూసలోని సిలికా కలిసిపోయి ప్రయోగం చెడిపోతుంటే లోపల కార్బన్ పూత పెట్టాడు. 1886 ఫిబ్రవరి 23న, కరిగిన క్రయొలైట్‌లో అల్యూమినా కలిపి కరెంటు పంపితే చిన్న చిన్న లోహపు గుండ్లు దొరికాయి.

అదే ఏడాది ఫ్రాన్స్‌లో పాల్ హెరోల్ట్ కూడా ఇదే కనిపెట్టి, పేటెంట్‌కు ముందే దరఖాస్తు చేశాడు. హాల్ తన తేదీని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. అప్పుడు ఆదుకున్నవి అతని ఉత్తరాలు, జూలియా సాక్ష్యం. 1889లో పేటెంట్ వచ్చింది. పాఠంలో మాత్రం ఇద్దరు మగవాళ్ల పేర్లే ఉంటాయి. జూలియా పేరు నేను బోర్డు మీద రాస్తాను.

హాల్ 1914లో చనిపోయాడు. ఆస్తిలో పెద్ద వాటా ఓబర్లిన్ కాలేజీకే రాశాడు.