మరను తిన్నగా కోసిన కొలిమి కుర్రాడు

ఫైనలియర్ ప్రాజెక్టుగా సొంతంగా సీఎన్‌సీ మెషిన్ చేద్దామనుకుంటున్నారా? శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో మెకానికల్ చదివే మీలో చాలామందికి ఈ ఆలోచన వచ్చే ఉంటుంది. మోటార్లు, కంట్రోలర్ బోర్డు ఆన్‌లైన్‌లో దొరికేస్తాయి. తిప్పలు పెట్టేదల్లా లీడ్ స్క్రూనే. మోటారు తిరుగుడును సూటి నడకగా మార్చే ఈ పొడవాటి మర వంకరగా ఉంటే, మిగతా సామాను ఎంత ఖరీదైనదైనా పని చెడుతుంది. ఈ మరకు కచ్చితత్వం నేర్పిన హెన్రీ మాడ్‌స్లే ఏ కాలేజీలోనూ చదవలేదు.

ఆయన 1771 ఆగస్టు 22న లండన్ దగ్గరి ఊలిచ్‌లో పుట్టారు. తండ్రి అక్కడి ఆయుధాగారంలో పనివాడు. 12 ఏళ్లకే మాడ్‌స్లే కూడా అక్కడ తూటాల్లో మందు కూరే పనిలో చేరారు. తర్వాత వడ్రంగి షాపు, 15 ఏళ్లకు కొలిమి. ఆయన చేతి పనితనం గురించి విని, తాళాల తయారీలో పేరున్న జోసెఫ్ బ్రామా 18 ఏళ్ల కుర్రాణ్ని పనిలోకి తీసుకున్నారు. బ్రామా తాళం డిజైన్ గొప్పదే. కానీ భాగాలన్నీ చేత్తో చేస్తే ఖర్చు మోపెడు. వాటిని చేసే మెషిన్లను మాడ్‌స్లే తయారుచేశారు, ఫోర్‌మన్ అయ్యారు.

1797 నాటికి కుటుంబం పెరిగింది. వారానికి 30 షిల్లింగుల జీతం చాలడం లేదు. పెంచమని అడిగితే బ్రామా కాదన్నారు. మాడ్‌స్లే బయటికొచ్చి లండన్‌లోనే చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నారు.

అక్కడ ఆయన ముందున్న చిక్కు చూడండి. కచ్చితమైన మర కోయాలంటే లేతులో ముందే కచ్చితమైన మర ఉండాలి. మరి మొదటిదాన్ని ఎలా చేయాలి? ఆయన గుండ్రటి కడ్డీకి కత్తిని లెక్కగా వాలుగా ఆనించి, కడ్డీ తిరుగుతుంటే దాని మీద మర గీత పడేలా చేశారు. ఆ గీత వెంట కోసిన మరల్లోంచి మంచిదాన్ని ఏరి, దాంతో ఇంకా మంచిది కోశారు. మర కోసే లేతులు అంతకుముందూ ఉన్నాయి. వాటిని గట్టి ఇనుప నిర్మాణంతో, లీడ్ స్క్రూ, స్లైడ్ రెస్టు, మార్చుకునే గేర్లు కలిపి షాపులో రోజూ వాడుకునేలా చేసిన ఘనత ఆయనది. 1800 ప్రాంతంలో చేసిన ఆయన లేతు ఇప్పటికీ లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

ఆయన పద్ధతిని మీ ప్రాజెక్టుకీ వాడండి. ముందు పిచ్ వేరు, లీడ్ వేరని గుర్తుంచుకోండి. చిన్న మెషిన్లలో వాడే 8 మిల్లీమీటర్ల మరకు పిచ్ 2 మి.మీ. అయినా, నాలుగు స్టార్టులుంటే ఒక్క చుట్టుకు నట్ 8 మి.మీ. జరుగుతుంది. 200 స్టెప్పుల మోటారును 16 మైక్రోస్టెప్పులతో నడిపితే చుట్టుకు 3,200, అంటే మి.మీ.కు 400 స్టెప్పులు. లీడ్‌ను 2 అనుకుని లెక్కేస్తే, 10 మి.మీ. అడిగినప్పుడు మెషిన్ 40 నడుస్తుంది.

మర చేతికొచ్చాక కిరోసిన్‌తో కడిగి, గాజు పలక మీద దొర్లించండి. కింద వెలుతురు సందు పెరుగుతూ తరుగుతూ ఉంటే అది వంగినట్టే. చివర్లు తిప్పించడానికి లేతు షాపుకి వెళ్లేటప్పుడు బేరింగునీ పట్టుకెళ్లండి, అక్కడే తొడిగి చూసుకోవచ్చు. నట్ లూజుగా ఉంటే దిశ మారినప్పుడల్లా కొలత తప్పుతుంది. స్ప్రింగున్న యాంటీ బ్యాక్‌లాష్ నట్ వేసుకోండి.

మాడ్‌స్లే అంతటితో ఆగలేదు. మార్క్ బ్రూనెల్ డిజైన్లతో పోర్ట్స్‌మత్ నౌకాశ్రయానికి ఓడ కప్పీలు చేసే మెషిన్లు నలభైకి పైగా కట్టారు. 110 మంది నిపుణులు చేసే పనిని వాటితో 10 మంది మామూలు కూలీలు చేసేవారు. షాపులో తగాదా తీర్చడానికి ఆయన చేసుకున్న మైక్రోమీటరుకు లార్డ్ చాన్సలర్ అని పేరు. కొలత విషయంలో దాని తీర్పే ఆఖరు.

ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు ఒకే ప్రమాణం ఉండాలని ప్రతిపాదించారు. రిచర్డ్ రాబర్ట్స్, జేమ్స్ నాస్మిత్ కూడా ఆ షాపులోంచి వచ్చినవాళ్లే. మాడ్‌స్లే 1831 ఫిబ్రవరి 14న కన్నుమూశారు.

రేపు ఇంటర్వ్యూలో మెషిన్ ఫొటో ఒక్కటే చూపిస్తే సరిపోదు. ఎంత నడవమంటే ఎంత నడిచింది, తేడా ఎందుకొచ్చింది, ఎలా తగ్గించారు అన్నది ఒక నోట్‌బుక్కులో రోజూ రాసుకోండి, ఆ పుస్తకాన్ని వెంట తీసుకెళ్లండి. డిగ్రీ మీతోపాటు వచ్చిన అందరి దగ్గరా ఉంటుంది. ఆ లెక్కలు మీ దగ్గరే ఉంటాయి.