పావ్ గ్రాండీ పిట్ట

బ్రెజిల్ దేశంలో రియో డి జెనీరో నగరానికి ఉత్తరాన, కొండల పాదభాగంలో పావ్ గ్రాండీ అనే చిన్న గ్రామం ఉంది. ఒకప్పుడు ఆ గ్రామానికి ప్రాణాధారం ఒక బట్టల మిల్లు. అక్కడి జనులు నివసించే ఇళ్లు మిల్లువి, బిడ్డలు చదివే బడి మిల్లుది, సాయంకాలం ఫుట్‌బాల్ ఆడే మైదానం కూడా మిల్లుదే. 1933 అక్టోబరు 28న ఆ మిల్లు కార్మికుల వాడలో ఒక పేద కుటుంబంలో మాన్యుయెల్ ఫ్రాన్సిస్కో డోస్ శాంటోస్ జన్మించాడు. బాల్యంలో అతడు బక్కగా, పొట్టిగా ఉండేవాడు. అది చూసి అక్క అతనికి గరించా అని ముద్దుపేరు పెట్టింది. ఆ ప్రాంతంలో చెట్ల పొదల మధ్య తిరిగే ఒక చిన్న గోధుమరంగు పిట్టకు అక్కడి వాడుకలో అదే పేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరును లోకం మరచిపోయింది. అక్క పెట్టిన పేరే చరిత్రలో నిలిచింది.

గరించా కాళ్లు పుట్టుకతోనే వంకర. కుడికాలు లోపలికి, ఎడమకాలు బయటికి వంగి ఉండేవి. ఒక కాలు రెండవదానికన్న పొట్టి. అతడు నిలబడితే రెండు కాళ్లూ గాలివాటున ఒకే వైపునకు ఒరిగినట్లు కనిపించేవి. అటువంటి కాళ్లతో నేరుగా నడవడమే కష్టమనుకునే రోజులవి. అయినా అతడు చెప్పులు లేని కాళ్లతో రోజంతా బంతి వెంట పరుగెత్తేవాడు. బంతి లేనప్పుడు ఏటిలో చేపలు పట్టేవాడు, పిట్టలను వేటాడేవాడు. పద్నాలుగవ ఏట మిల్లులో పనికి చేరాడు గాని పనియందు శ్రద్ధ శూన్యం. మిల్లు జట్టుకు అతని ఆట అవసరం కావడం వల్లనే ఆ ఉద్యోగం నిలిచింది. 1950లో మారకానా స్టేడియంలో ఉరుగ్వే చేతిలో బ్రెజిల్ ఓడిపోయి దేశమంతా కన్నీరుమున్నీరైన నాడు గరించా చేపలవేటకు వెళ్లాడనీ, తిరిగి వచ్చి జనం దుఃఖం చూసి విస్తుపోయాడనీ అంటారు. ఆట ఓడిపోతే ఏడవవలసిన అవసరమేమిటో అతనికి అర్థం కాలేదట. ఈ స్వభావం చివరివరకు మారలేదు. గరించా గొప్పతనానికీ, అతని పతనానికీ కూడా మూలం ఇక్కడే ఉన్నదనిపిస్తుంది.

1953లో బొటాఫోగో క్లబ్బువారు అతనికి పరీక్ష పెట్టారు. ఎదురుగా నిలిచినవాడు సామాన్యుడు కాడు. బ్రెజిల్ జాతీయ జట్టులో రక్షక స్థానంలో ఆడుతున్న నిల్టన్ శాంటోస్. ఆ వంకరకాళ్ల కుర్రవాడు అంతటి వాని కాళ్ల మధ్య నుండి బంతిని పోనిచ్చి ముందుకు సాగిపోయాడు. చిన్నబుచ్చుకోవలసిన శాంటోస్ క్లబ్బు అధికారుల వద్దకు వెళ్లి, ఈ యువకుని వెంటనే తీసుకోవాలనీ, ప్రత్యర్థిగా అతనిని ఎదుర్కొనే దుస్థితి తనకు వద్దనీ కోరాడు. నాడు మొదలైన వారి మైత్రి గరించా శవపేటిక పక్కన శాంటోస్ నిలిచిన రోజు వరకు చెక్కుచెదరలేదు.

గరించా ఆడే చోటు మైదానానికి కుడి అంచు. ధరించే చొక్కా సంఖ్య 7. చేసే యుక్తి కూడా దాదాపు ఒక్కటే. బంతిని కాలి దగ్గర నిలిపి, ఎడమవైపు పోతున్నట్లు ఒళ్లు వంచి, మెరుపులా కుడివైపు దూసుకుపోతాడు. ప్రత్యర్థికి ఆ సంగతి తెలుసు, ప్రేక్షకులకు తెలుసు. అయినా ప్రతిసారీ ప్రత్యర్థి మోసపోయేవాడు, ప్రతిసారీ జనం నవ్వేవారు. ఒక్కొక్కప్పుడు దాటివచ్చిన ప్రత్యర్థి కోసం ఆగి, అతడు తిరిగి వచ్చాక మరల దాటేవాడు. 1958లో మెక్సికో నగరంలో అర్జెంటీనాకు చెందిన రివర్ ప్లేట్ జట్టుపై ఆడినప్పుడు, అతడు రక్షకుని తప్పించుకున్న ప్రతిసారీ జనం ఎద్దుల పోరాటంలో వలె ఓలే అని కేకలు వేశారు. ఫుట్‌బాల్ మైదానాలలో ఆ కేక పుట్టింది ఆనాడేనని చెబుతారు. తనను అడ్డుకునే ప్రతివానినీ అతడు జొవావ్ అనే ఒకే పేరుతో పిలిచేవాడన్న కథ కూడా ప్రచారంలో ఉంది. అది పత్రికారచయితల కల్పన. దానివల్ల గరించాకు కలిగిన ఫలితం ఒక్కటే: పరిహాసానికి గురైనట్లు భావించిన ప్రత్యర్థులు అతని కాళ్లపై మరింత గట్టిగా తన్నారు.

1958లో స్వీడన్‌లో జరిగిన ప్రపంచకప్ పోటీలకు ముందు బ్రెజిల్ జట్టు మనస్తత్వ నిపుణుడు ఆటగాళ్లకు పరీక్షలు పెట్టాడు. గరించాకు అందులో చాలా తక్కువ మార్కులు వచ్చాయి. అతడు బాధ్యత వహించే స్థితిలో లేడని నిపుణుడు తేల్చాడు. మొదటి రెండు మ్యాచ్‌లలో అతనికి చోటు దొరకలేదు. మూడవది సోవియట్ యూనియన్‌తో. ఆట మొదలైన తొలి నిమిషంలోనే గరించా ముగ్గురిని తప్పించుకొని కొట్టిన బంతి గోలు స్తంభానికి తగిలింది. బ్రెజిల్ 2-0తో గెలిచింది. ఫైనల్లో అతడు కుడి అంచు నుండి అందించిన రెండు బంతులను వావా గోల్స్‌గా మలిచాడు. స్వీడన్‌పై 5-2తో బ్రెజిల్ తొలిసారి ప్రపంచకప్ గెలుచుకున్నది. నిపుణుని పరీక్ష సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

నాలుగేళ్ల తర్వాత చిలీలో రెండవ మ్యాచ్‌లోనే పెలే గాయపడ్డాడు. జట్టు భారమంతా గరించాపై పడింది. ఇంగ్లండ్‌పై రెండు గోల్స్, ఆతిథ్య దేశమైన చిలీపై రెండు గోల్స్ చేశాడు. ఇంగ్లండ్‌తో ఆటలో ఒక వీధికుక్క మైదానంలో చొరబడింది. గరించా చేతికి చిక్కక తప్పించుకున్న ఆ కుక్కను చివరకు ఇంగ్లండ్ ఆటగాడు జిమ్మీ గ్రీవ్స్ నేలపై పాకి పట్టుకున్నాడు. ఆ కుక్క తర్వాత చీటీలో గరించాకే దక్కింది. దానిని బ్రెజిల్‌కు తీసుకొనిపోయి పెంచుకున్నాడు. చిలీతో ఆటలో సహనం కోల్పోయి ప్రత్యర్థిని తన్నినందుకు రెఫరీ బయటికి పంపాడు. వెళ్తుండగా ప్రేక్షకులు విసిరిన వస్తువు అతని తలకు తగిలింది. అధికారులు తదుపరి దండన విధించలేదు. కాబట్టి జ్వరంతోనే ఫైనల్ ఆడాడు. చెకోస్లొవేకియాపై 3-1తో గెలిచిన బ్రెజిల్ కప్పును నిలుపుకున్నది. ఆ పోటీలలో ఉత్తమ ఆటగాడు గరించాయే.

పెలే, గరించా కలిసి ఆడిన నలభై అంతర్జాతీయ మ్యాచ్‌లలో బ్రెజిల్ ఒక్కటి కూడా ఓడిపోలేదు. కాని జనులు ఈ ఇద్దరినీ చూసిన తీరులో తేడా ఉంది. పెలేను చూసి గౌరవంతో తప్పుకొని దారి ఇచ్చేవారు. గరించాను చూస్తే భుజంపై చేయి వేసేవారు. పెలే అభిమానుల మధ్య ఎలా మెలగాలో తొందరగా నేర్చుకున్నాడు: సంతకం చేసి, చిరునవ్వు నవ్వి, సమయానికి కారెక్కి వెళ్లిపోయేవాడు. గరించాకు అటువంటి హద్దులు తెలియవు. ప్రపంచకప్ గెలిచి వచ్చిన తర్వాత కూడా అతడు పావ్ గ్రాండీకి పోయి, మిల్లు మిత్రులతో కాళ్లకు బూట్లు లేకుండా బంతి ఆడి, వారితో కలిసి చెరకు సారా తాగేవాడు. తన ముందు పెట్టిన కాగితం చదవకుండా ఒప్పందాలపై సంతకాలు చేసేవాడు. జనం అతనికి పెట్టిన బిరుదు ప్రజల ఆనందం అని. ఆ బిరుదుకు తగినట్లు ఎవరు పిలిచినా పలికాడు, ఎవరు గ్లాసు అందించినా కాదనలేదు. అతనిపై ప్రేమతో గ్లాసు నింపినవారిలో ఒక్కరికీ అతనికి కీడు చేయాలన్న తలంపు లేదు.

ఆ ప్రేమ తలకిందులు కావడానికి కూడా ఎంతో కాలం పట్టలేదు. గరించా భార్యను, ఎనిమిదిమంది కుమార్తెలను విడిచి గాయని ఎల్జా సోరెస్‌తో కాపురం పెట్టాడు. జనుల ఆగ్రహం అతనికన్న ఆమెపైనే ఎక్కువగా విరుచుకుపడింది. బెదిరింపు లేఖలు వచ్చాయి. ఇంటిపై రాళ్లు పడ్డాయి. మోకాళ్లు అరిగి ఆట తగ్గితే, ఆ తప్పు కూడా ఎల్జాదే అన్నారు. నిజానికి ఆ మోకాళ్లను అరగదీసినవి ఏళ్ల తరబడి తగిలిన తన్నులు, నొప్పి తెలియకుండా పొడిచిన సూదిమందులు. తాగుడు మాన్పించడానికి ఆమె పడిన పాట్లు అభిమానులకు కనబడలేదు. 1966 ప్రపంచకప్‌లో హంగేరీ చేతిలో 3-1తో ఓడిన ఆట గరించాకు జాతీయ జట్టులో ఆఖరిది. ఆ జట్టులో అతడు ఆడగా బ్రెజిల్ ఓడిపోయినది కూడా అదొక్కటే. 1969లో అతడు నడుపుతున్న కారు లారీని ఢీకొనగా ఎల్జా తల్లి మరణించింది. ఆ దుఃఖం నుండి గరించా పూర్తిగా తేరుకోలేదు. మరుసటి ఏడు దంపతులు ఇటలీకి వెళ్లారు. అక్కడ బ్రెజిల్ కాఫీ సంస్థ తరఫున ప్రచారం చేసే ఉద్యోగం దొరికింది. ప్రదర్శనలలో నిలబడి వచ్చినవారిని పలకరించడమే పని. మైదానంలో వేలమందిని నవ్వించినవాడు కాఫీ బల్ల వెనుక నిలువలేకపోయాడు.

1973 డిసెంబరు 19న మారకానాలో అతని సహాయార్థం ఒక వీడ్కోలు మ్యాచ్ జరిగింది. 1,30,000 మందికి పైగా జనం వచ్చారు. పెలే కూడా ఆడాడు. నలభయ్యేళ్ల గరించా, బరువెక్కిన శరీరంతో, కుడి అంచున బంతి అందుకుని పాత యుక్తినే ప్రయత్నించాడు. మొదటి సగం ముగియకముందే ఆట ఆపి, అతడు మైదానం చుట్టూ తిరిగి సెలవు తీసుకున్నాడు. జనం లేచి నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నారు. వచ్చిన ధనం అతనిని ఎంతో కాలం ఆదుకోలేదు. 1977లో ఎల్జా అతనిని విడిచి వెళ్లిపోయింది. అప్పటికి ఆమె ఓర్పు పదిహేనేళ్లదని గుర్తుంచుకోవాలి.

1980లో రియో కార్నివాల్ ఉత్సవంలో మంగేరా సాంబా బృందంవారు గరించాను గౌరవించదలచి తమ శకటంపై కూర్చోబెట్టారు. ఆ సమయంలో అతడు చికిత్సలో ఉన్నాడు. మందుల మత్తు దిగలేదు. దారికి ఇరువైపులా అభిమానులు పేరు పెట్టి పిలుస్తున్నారు. అతడు శూన్యంలోకి చూస్తూ, అప్పుడప్పుడు చేయి సగం ఎత్తి దించాడు. టెలివిజన్‌లో ఆ దృశ్యం దేశమంతా చూసింది. ఒకప్పుడు తమను నవ్వించిన మనిషిని ఆ స్థితిలో చూడలేక ముఖం తిప్పుకున్నవారు ఎందరో. శకటంపై కూర్చోబెట్టినవారిది దురుద్దేశం కాదు. అయితే ఆ మనిషికి ఆ రోజు కావలసినది ఊరేగింపు కాదు, పడక.

అయినా బంతి కనిపిస్తే గరించా కాదనేవాడు కాడు. మరణానికి నెలరోజుల ముందు, 1982 క్రిస్మస్ నాడు, రాజధాని బ్రెజీలియా సమీపంలోని ప్లనాల్చీనాలో స్థానికుల మధ్య కాసేపు ఆడాడు. అదే ఆఖరి ఆట. 1983 జనవరి 20న కాలేయవ్యాధితో రియో ఆసుపత్రిలో కన్నుమూశాడు. నలభైతొమ్మిదేళ్లు.

శవపేటికను మారకానాకు తేవాలని నిల్టన్ శాంటోస్ పట్టుబట్టాడు. బొటాఫోగో పతాకం కప్పిన ఆ పేటికను చూడడానికి వేలాది జనం రాత్రంతా వచ్చారు. మరునాడు అగ్నిమాపక దళంవారి వాహనంపై పావ్ గ్రాండీకి తీసుకొనిపోయారు. దారి పొడవునా వంతెనలపై, గోడలపై, చెట్లపై జనం. చివరి ఏళ్లలో ఆసుపత్రి గదిలో ఒంటరిగా పడి ఉన్న మనిషి కోసం అంతమంది ఎక్కడి నుండి వచ్చారో ఆశ్చర్యమే. ఊరి సమీపంలోని చిన్న శ్మశానంలో తొక్కిసలాట మధ్య ఖననం జరిగింది.

బ్రెజీలియాలోని జాతీయ స్టేడియానికి గరించా పేరు పెట్టారు. దానిని పునర్నిర్మించాక 2014 ప్రపంచకప్ మ్యాచ్‌లు కూడా అక్కడ జరిగాయి. ఎల్జా సోరెస్ తొంభై ఏళ్లు దాటి జీవించి, 2022లో మరణించింది. ఆ తేదీ కూడా జనవరి 20. గరించా సమాధుల సంగతి వేరు. శ్మశానంలో ఒకటి బంధువులతో కలిసి పూడ్చిన పాత సమాధి, మరొకటి తర్వాత కట్టిన స్మారకం. అతని అస్థికలు ఈ రెండింటిలో ఎందులో ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో తమ వద్ద ఆధారాలు లేవని 2017లో శ్మశానం నిర్వాహకులు వెల్లడించారు.