ఫీల్డ్ మార్షల్ పౌలుస్

సేనానుల చరిత్రలు సామాన్యముగా విజయములను బట్టి వ్రాయబడును. ఫ్రీడ్రిక్ పౌలుస్ నామము మాత్రము ఒక మహాపరాజయముతో ముడివడి నిలిచినది. అతడు పిరికివాడు కాడు, బుద్ధిహీనుడును కాడు. సర్వమును లెక్కించి తెలిసికొనియు ఆజ్ఞను మీరజాలని వాడు.

పౌలుస్ 1890 సెప్టెంబరు 23వ తేదీన జర్మనీలో గూక్స్‌హాగెన్ గ్రామమున, ఒక కోశోద్యోగి యింట జన్మించెను. నౌకాదళమున చేరగోరి విఫలుడై, మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయమున కొంతకాలము న్యాయశాస్త్రము చదివి, 1910లో పదాతిదళమున ప్రవేశించెను. 1912లో రుమేనియా ప్రభువంశమునకు చెందిన ఎలెనాను వివాహమాడెను. అతని ప్రతిభ రణరంగమునకంటె కార్యాలయముననే యెక్కువగా రాణించెను. పటములు, పట్టికలు, సరఫరా లెక్కలు అతనికి కరతలామలకములు. 1940లో సైనిక ప్రధాన కార్యాలయమున ఉన్నత పదవి నందుకొని, సోవియట్ దేశముపై దండయాత్రకు ప్రణాళిక రచించుటలో ముఖ్యుడయ్యెను. దూరము పెరిగినకొలది సేనకు సరఫరాలు చాలవని ఆనాటి పటములే అతనికి తెలిపినవి. అయినను ప్రణాళిక ముందునకు సాగెను.

1942 జనవరిలో ఆరవ సైన్యమునకు అధిపతి యయ్యెను. అంతకుముందు యుద్ధమున ఒక డివిజనునైనను నడిపి యెరుగడు. వేసవిలో ఖార్కోవ్ వద్ద గెలిచి, వోల్గా తీరమునందలి స్టాలిన్‌గ్రాడ్‌ను చేరెను. అచట ఇల్లిల్లును రణరంగమయ్యెను. నగరవాసులును, ఉభయపక్షముల సైనికులును లెక్కకు మిక్కిలిగా మరణించిరి. నవంబరు 23 నాటికి సోవియట్ సేనలు 2,50,000కు పైబడిన అతని బలగమును చుట్టుముట్టెను.

వలయమును ఛేదించుకొని వెలువడుటకు పౌలుస్ అనుమతి కోరెను. హిట్లర్ నిరాకరించెను. విమానముల ద్వారా సమస్తమును అందింతునని గోరింగ్ మాట యిచ్చెను. దినమునకు కనీసము 300 టన్నులు కావలసియుండగా, సగటున 100 టన్నుల ప్రాంతముననే చేరెను. సైనికులు గుఱ్ఱములను చంపి తినిరి. డిసెంబరులో మాన్‌స్టైన్ పంపిన సహాయక సేన సుమారు 50 కిలోమీటర్ల దూరమున నిలిచిపోయెను. ఇంధనము చాలదు, పైనుండి అనుమతి లేదు, పౌలుస్ కదలలేదు. 1943 జనవరి 8వ తేదీన లొంగుబాటునకు వచ్చిన పిలుపును సైతము త్రోసిపుచ్చెను.

జనవరి 30న హిట్లర్ అతనికి ఫీల్డ్ మార్షల్ బిరుదము నొసగెను. ఆ గౌరవము వెనుక, పట్టువడక ప్రాణత్యాగము చేయుమను సూచన దాగియుండెను. మరునాడే ఒక దుకాణ భవనపు నేలమాళిగలో పౌలుస్ పట్టువడెను. వేలాది సైనికుల కొఱకు మీరని ఆజ్ఞను తన ప్రాణము కొఱకు మీరెను. బందీలైన సుమారు 91,000 మందిలో స్వదేశము చేరినవారు 6,000 మందికి మించలేదు.

1944లో కుమారుడొకడు ఇటలీ యుద్ధమున మరణించెను. ఆ యేటి ఆగస్టులో పౌలుస్ హిట్లర్‌కు వ్యతిరేకముగా గళమెత్తెను. 1946లో న్యూరెంబర్గ్ విచారణలో సాక్ష్యమిచ్చెను. 1949లో ఎలెనా మరణించెను. 1942 తరువాత ఆ దంపతులు మరల కలిసికొనలేదు. 1953లో విడుదలయై డ్రెస్డెన్ నగరమున నివసించి, 1957 ఫిబ్రవరి 1వ తేదీన కన్నుమూసెను. పట్టువడిన దినమునకు సరిగా 14 సంవత్సరములు గడచిన మరునాడది.

విధేయత ఉద్యోగధర్మమే. అయితే ఎఱిగినవాడు మౌనము వహించినపుడు దాని వెలను చెల్లించువారు అతని క్రింద నున్నవారే యని పౌలుస్ జీవితము తెలుపుచున్నది.