చెరువులు లెక్కపెట్టిన ఇంజనీరు - మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు

  సెప్టెంబర్ 15 ఇంజనీర్ల దినోత్సవం. అది విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు. అందుకని ఈసారి మన గోడపత్రికకు ఆయన జీవితం రాస్తున్నాను.

విశ్వేశ్వరయ్య గారు కర్ణాటకలోని ముద్దెనహళ్ళిలో జన్మించారు. వాళ్ళ పూర్వీకుల ఊరు మన ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం. అందుకే ఇంటిపేరు అలా వచ్చింది. చిన్న వయసులోనే తండ్రి చనిపోయారు. బెంగుళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ 1881లో బి.ఎ. పాసయ్యారు. మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదటిదాన్ని కాబట్టి ఈ సంగతి నాకు చాలా నచ్చింది. తర్వాత ఆయన పూనాలో ఇంజనీరింగు చదివి 1884లో బొంబాయి ప్రభుత్వంలో ఉద్యోగంలో చేరారు. పూనా దగ్గర ఖడక్‌వాస్లా డ్యాముకు, వరద ఎక్కువైతే వాటంతట అవే తెరుచుకునే గేట్లు 1903లో పెట్టించారు.

ఇప్పుడు అసలు కథ. మూసీ నది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి హైదరాబాదు మధ్యనుంచి పోతుంది. 1908 సెప్టెంబర్ 28న ఆ నదికి పెద్ద వరద వచ్చింది. సుమారు 15 వేల మంది చనిపోయారంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారంట. అంత పెద్ద నగరంలో మేడలు కూలిపోయినాయి గాని ఆ చెట్టు కూలలేదు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది.

మళ్ళీ ఇలాంటి వరద రాకుండా ఏం చెయ్యాలో చెప్పమని నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిచింది. ఆయన 1909లో వచ్చారు. నగరంలో గోడలు కడితే చాలు అనుకోలేదు. వాన ఎక్కడ పడింది, నీళ్ళు ఏ దారిన దిగినాయి అని పైనుంచి చూసుకుంటూ వచ్చారు. నగరానికి పైన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నాయని, వరదలో వాటిలో 221 తెగిపోయినాయని లెక్క తేలింది. చెరువులు గొలుసులాగా ఉంటాయి. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి పోతుంది. కాని పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్ళన్నీ ఒక్కసారే కింది కట్ట మీద పడతాయి. అది కూడా తెగుతుంది. అలా తెగుకుంటూ తెగుకుంటూ నగరం మీదికి వచ్చినాయి. చెరువు ఉంటే చాలదు, కట్టను ఏటేటా చూసుకోవాలి అని నాకు ఇక్కడ అర్థమైంది.

నగరానికి పైన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టమని ఆయన చెప్పారు. వరద వచ్చినప్పుడు నీటిని అందులో ఆపి, మెల్లగా వదలాలి. నగరంలో నది ఒడ్లు ఎత్తు చేసి అక్కడ తోటలు, నడిచే దారులు పెట్టమన్నారు. మురుగునీటికి వేరే కాలువల ప్లాను కూడా ఇచ్చారు. ఆ ఏడాదే ఆయన మైసూరుకు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు. ఆయన చెప్పినట్టే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినాయి. నగరానికి తాగునీరు కూడా దొరికింది.

తర్వాత ఆయన మైసూరు దివాన్ అయ్యారు. 1955లో భారతరత్న వచ్చింది. నూరేళ్ళు దాటి బతికి 1962లో మరణించారు.

ఐతే నగరం ఆయన లెక్కను మరిచిపోయింది. చెరువు పల్లాల్లో ఇళ్ళు లేచినాయి. నేలంతా సిమెంటు అయింది. అడవిలో వాన పడితే ముందు ఆకు మీద, తర్వాత ఆకుచెత్త మీద పడి మెల్లగా మట్టిలోకి దిగుతుంది. సిమెంటు మీద పడితే అంతా ఒకేసారి నాలాకు పరుగెడుతుంది. 2020 అక్టోబర్‌లో హైదరాబాదులో ఇదే జరిగింది. కూలికెళ్ళిన మా పిన్ని వాళ్ళు నాలా పక్కన ఉండేవాళ్ళు. ఇంట్లోకి నడుము లోతు నీళ్ళొచ్చి బియ్యం, గుడ్డలు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయినాయి. పల్లంలో స్థలం దొరికేది పేదవాళ్ళకే కదా.

ఇప్పుడు వానలు కొన్ని గంటల్లోనే కుండపోతగా పడుతున్నాయి. అందుకే చాలా దేశాలు నగరాల్లో నీరు ఇంకే తోటలు, కుంటలు, చెట్లు పెంచుతున్నాయి. చైనాలో వీటిని స్పాంజి నగరాలు అంటున్నారు. పలక తుడిచే స్పాంజిలాగా నగరం నీళ్ళు పీల్చుకోవాలి అన్నమాట.

విశ్వేశ్వరయ్య గారంటే నాకు గౌరవం. కాని పెద్ద డ్యాము అంటే మావాళ్ళకు భయం కూడా. దేవీపట్నం వైపు మా బంధువుల ఊళ్ళు పోలవరం వల్ల ఖాళీ అయినాయి. అందుకే ఆయన చెప్పిన పెద్ద జలాశయాల కన్నా, ఆయన లెక్కపెట్టిన చిన్న చెరువులే నాకు ఎక్కువ గుర్తుంటాయి. చిన్నవాటిని బాగా చూసుకుంటే ఎవరి ఊరూ మునగదు. పోడు చేలో మా తాత వాలుకు అడ్డంగా రాళ్ళు పేర్చేవాడు. మట్టి పోదు, నీరు ఆగుతుంది. అది కూడా ఇంజనీరింగే అని నేను అనుకుంటున్నాను.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. మన బోరింగు దగ్గర, వంటగది చూరు కింద వాననీళ్ళు వరండా వైపు వస్తున్నాయి. అక్కడ రెండు ఇంకుడు గుంతలు తవ్వడానికి అనుమతి ఇవ్వండి. పార, గునపం ఉంటే చాలు. 9వ తరగతి వాళ్ళం ఆదివారం తవ్వుతాం. రాళ్ళు వాగు నుంచి తెస్తాం. ఏటా వానలకు ముందు పూడిక తీసే పని కూడా మాదే.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని