గాలికి దారి చూపిన రంఫర్డు ప్రభువు

గత వేసవిలో మన పాఠశాలలోని కంప్యూటర్లలో నొకటి పనిచేయుచు పనిచేయుచు హఠాత్తుగా ఆగిపోవుచుండెను. కొంతసేపు విశ్రాంతి నిచ్చినచో మరల నడచును. పావుగంట గడచునప్పటికి మరల నాగును. లోపలి భాగములు మితిమీరి వేడెక్కినప్పుడు కాలిపోకుండుటకై తమంతట తామే పని మానుట ఆ యంత్రముల యేర్పాటు. కారణము విచారింపగా, దుమ్ము పడకుండవలెనను సదుద్దేశముతో విద్యార్థులే దానిపై దళసరి గుడ్డ కప్పి, వెనుకభాగమును గోడకు ఆనించి యుంచిరని తేలెను. గుడ్డ తీసి, పెట్టె విప్పి, లోపల పేరుకొనిన దుమ్ము దులిపి, గోడకు జానెడు దూరముగా జరిపిన పిదప అది మరల నాగలేదు. గుడ్డ కప్పినంత మాత్రమున వేడి యేల నిలిచిపోవును, అది కంబళియైన కాదు గదా యని ఒక బాలిక నన్నడిగెను. ఆ ప్రశ్నకు ఇన్నూట ముప్పది సంవత్సరముల క్రిందట సమాధానము వెదకిన వాడొకడు గలడు. ఆతని చరిత్రమును బాలబాలికలకు చెప్పుటకు మొదట కొంత సంకోచించితిని. ఆ సంకోచమునకు హేతువు మీకే తెలియగలదు.

ఆతని అసలు పేరు బెంజమిన్ థాంప్సన్. 1753వ సంవత్సరము మార్చి 26వ తేదీన, అమెరికాలోని మసాచుసెట్స్ నందు వోబర్న్ అను ఊరిలో జన్మించెను. అప్పటికది ఆంగ్లేయుల వలసరాజ్యము. పసితనముననే తండ్రి గతించెను. తల్లి మరల వివాహమాడెను. పదుమూడవ యేట సేలెం పట్టణమున నొక వర్తకుని కొట్టులో పనికి కుదిరెను గాని, ఆతని మనస్సు చిట్టా ఆవర్జాలలో నిలువలేదు. ఒక వేడుకకై బాణసంచా తయారుచేయబోయి, అది పేలగా దేహము కాల్చుకొనెను. తరువాత బాల్డ్విన్ అను నేస్తముతో కూడి కాలినడకన హార్వర్డు కళాశాలకు పోయి, విన్‌త్రోప్ ఆచార్యుని ప్రకృతిశాస్త్రోపన్యాసములు విని వచ్చుచుండెను. అంతకుమించి క్రమమైన చదువేదియు ఆతనికి లేదు. పందొమ్మిదవ యేట కాంకర్డ్ అను పట్టణమున ఉపాధ్యాయుడై, 1772లో తనకంటె వయస్సున పెద్దదియు, సంపన్నురాలును అగు నొక వితంతువును పెండ్లాడెను. ఆ పట్టణపు పూర్వనామము రంఫర్డు. ఈ పేరు మరల రానున్నది.

1775లో వలసవాసులు ఆంగ్ల ప్రభుత్వముపై తిరుగుబాటు చేసిరి. థాంప్సన్ రాజు పక్షము వహించెను. బహిరంగముగా వహించినచో నది వేరు సంగతి. కంటికి కనబడని సిరాతో ఇరుగుపొరుగువారి సన్నాహములను వ్రాసి బోస్టనులోని ఆంగ్ల సేనాధిపతికి పంపెను. పిదప భార్యను, పసిబిడ్డను విడిచి 1776లో లండను చేరెను. ఆ భార్య 1792లో మరణించువరకు మరల ఆతని ముఖము చూడలేదు. రాజభక్తియని కొందరును, స్వలాభాపేక్షయని కొందరును చెప్పుదురు. భార్యాబిడ్డల విషయమున మాత్రము ఆతనిని సమర్థించు మాట నాకేదియు తోచలేదు. ఇదియే నా సంకోచము.

లండనులో వలసరాజ్యముల కార్యాలయమున పదవిని పొంది, తుపాకిమందుపై పరిశోధనలు చేసి, 1779లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1784లో ఆంగ్లరాజు ఆతనికి సర్ బిరుదమిచ్చెను. ఆ తరువాత బవేరియా పాలకుడగు కార్ల్ థియొడార్ కొలువున చేరి, మ్యూనిచ్ నగరమున పదునొకండు సంవత్సరములు పనిచేసెను. ఆతని జీవితమున శ్రేష్ఠమైన కాలమిదియే. ఆ నగరమున బిచ్చగాండ్రు అసంఖ్యాకముగా నుండిరి. 1790వ సంవత్సరము జనవరి 1వ తేదీన సైనికుల సాయముతో వారినందరిని ఒక్కదినముననే కూడబెట్టి, ఒక కర్మశాలయందు చేర్చి, అన్నము పెట్టి, కూలి యిచ్చి, సైన్యమునకు కావలసిన దుస్తులను వారిచేతనే నేయించి కుట్టించెను. బార్లీ, బఠాణీ, ఉర్లగడ్డలతో తక్కువ ఖర్చున చిక్కని జావ కాచించెను. ఆతడు వేయించిన ఇంగ్లీషుతోట నేటికిని మ్యూనిచ్ నడుమ నున్నది. ఈ సేవలకు మెచ్చి ఆతనిని ప్రభువుగా చేయగా, తాను విడిచివచ్చిన ఆ చిన్నపట్టణపు పేరునే బిరుదముగా నెన్నుకొనెను. నాటినుండి ఆతడు కౌంట్ రంఫర్డు.

సైనికులకు దుస్తులు కుట్టించుచుండగా, ఏ వస్త్రము ఏల వెచ్చగా నుండునను ప్రశ్న ఆతనికి పుట్టెను. ఒక గాజుగోళము నడుమ థర్మామీటరు నమర్చి, చుట్టును ఒకసారి ముడిపట్టు, ఒకసారి గొఱ్ఱె ఉన్ని, దూది, కుందేటి బొచ్చు, బాతు ఈకలు కూరి, మరుగునీటిలో వేడిచేసి, పిదప మంచునీటిలో ముంచి, వేడి దిగుటకెన్ని క్షణములు పట్టునో లెక్కించెను. ఒకే పదార్థమును వదులుగా నొకరీతిని, దట్టముగా నొకరీతిని కూరిచూచెను. వెచ్చదనము బొచ్చుయొక్కయు, నూలుయొక్కయు స్వగుణము కాదనియు, పోగుల నడుమ చిక్కి కదలలేక నిలిచిన గాలియే వేడిని పోనీయక ఆపుచున్నదనియు ఆతడు కనిపెట్టెను. ఈ విధమైన పరిశోధనలకుగాను 1792లో రాయల్ సొసైటీ ఆతనికి కాప్లీ పతకమిచ్చెను. బాలిక యడిగిన ప్రశ్నకు సమాధానమిదియే. మన గుడ్డ నూలుదైనను దాని పోగులు గాలిని కట్టివేసినవి. అంతకంటెను ముఖ్యముగా పెట్టెకున్న రంధ్రములను మూసివేసినవి. లోపల పేరుకొనిన దుమ్ము సయితము సన్నని ఉన్నివంటిదే. కంప్యూటరు బాగుచేయువారు ప్రాసెసరు అను ముఖ్యభాగమునకును, దానిపై బిగించు లోహపు రెక్కల దిమ్మకును నడుమ ఒక లేపము పూయుట మీరు చూచి యుందురు. అది జిగురు కాదు. కంటికానని సందులలో నిలిచిన గాలిని వెడలగొట్టుటకే ఆ లేపము.

నిలిచిన గాలి సంగతి యిట్లుండగా, కదలెడి ద్రవముల సంగతి ఆతనికి అనుకోకుండ కనబడెను. మద్యసారము నింపిన పెద్ద థర్మామీటరు నొకదానిని వేడిచేసి, చల్లారుటకై కిటికీకడ పెట్టెను. ఎండ దానిపై పడుచుండెను. ద్రవములో కలిసిన ధూళికణములు గొట్టము నడుమ పైకి ప్రాకుచు, గోడలవెంట క్రిందికి దిగుచు, ఎడతెగక తిరుగుచుండుట చూచి ఆతడు విస్మయమందెను. వేడెక్కిన భాగము తేలికయై పైకి పోవును. చల్లారినది బరువై దిగును. ఆ రాకపోకలతో వేడి మోయబడును. దీనినే మన పాఠ్యగ్రంథములలో సంవహనమందురు. ఉడికిన ఆపిలుపండు గుజ్జు చాలసేపు నోరు కాల్చుటకును కారణమిదియేయని ఆతడు గ్రహించెను: గుజ్జులోని పీచు నీటిని కదలనీయదు. మన ఇండ్లలో గంజి తేట త్వరగా చల్లారి, చిక్కని జావ చల్లారకుండుట ప్రతి తల్లియు నెరిగినదే. అయితే రంఫర్డు ఇక్కడ నొక పొరపాటు చేసెను. ద్రవములును, వాయువులును కదలినగాని వేడిని బొత్తిగా దాటనీయవని వాదించెను. కదలకున్నను కొద్దిగా దాటనిచ్చునని తరువాతివారు ఋజువు చేసిరి.

1795లో లండనుకు పోయినప్పుడు ఆ నగరపు ఇండ్లు పొగతో నిండి యుండెను. చలి కాచుకొనుటకు గోడలో కట్టిన పొయ్యిలు విశాలములై, పొగగొట్టముల నోళ్లు మరింత వెడల్పుగా నుండెను. దారి వెడల్పైనకొలది పొగ సులభముగా పోవునని అందరు తలంచిరి. రంఫర్డు దానికి విరుద్ధముగా చేసెను. పొయ్యిలోతు తగ్గించి, ప్రక్కగోడలను ఏటవాలుగా త్రిప్పి, పొగ పోవు కంఠమును నాలుగంగుళములకు కుదించి, దాని అంచును గుండ్రముగా నునుపు చేయించెను. అక్కరలేని చల్లగాలి జొరబడుట మానెను. పొగ ఒక్క వాలున పైకి సాగెను. గదికి వెచ్చదనము హెచ్చెను. కంప్యూటరు పెట్టెకును ఈ పాఠమే. ముందరి క్రింది భాగమున చల్లగాలి ప్రవేశించి, వేడి భాగములను తాకుచు, వెనుక పైభాగమున వెలుపలికి పోవలెను. ఫ్యానులన్నియు ఇష్టము వచ్చినట్లు తిప్పిపెట్టినచో ఒకదానిగాలి నింకొకటి చెరచును. తీగెలు అడ్డముగా వ్రేలాడినచో దారి మూసుకొనును. ప్రక్కరేకు ఊడదీసినచో చల్లబడునని కొందరి నమ్మకము. కొన్నింట నది నిజమే, కాని తరచుగా గాలి దారి తప్పును, దుమ్మును చేరును. వేడిగాలి తనంతట పైకి లేచు బలము ఫ్యాను బలమునెదుట స్వల్పమే యైనను, ఆ రెండింటిని ఒకే దిక్కున నడపుట మేలు.

మ్యూనిచ్ ఆయుధశాలలో ఫిరంగులకు తొలిచెడి పని ఆతని పర్యవేక్షణలో జరుగుచుండెను. తొలిచినకొలది లోహము మిక్కిలి వేడెక్కుచుండెను. వేడి యనునది కెలోరిక్ అను నొక సూక్ష్మద్రవమని ఆ కాలపు పండితుల మతము. రంఫర్డు మొద్దుబారిన బరమాను తీసికొని, ఫిరంగి కడ్డీని నీటిపెట్టెలో ముంచి, గుఱ్ఱములచేత త్రిప్పించెను. రెండున్నర గంటలకు నిప్పులేకయే నీరు తెర్లెను! చూచువారు నోళ్లు తెరచిరి. త్రిప్పినంతసేపును తరుగులేక పుట్టుచుండునది పదార్థము కానేరదనియు, వేడి యొక విధమగు చలనమే యనియు 1798లో రాయల్ సొసైటీకి నివేదించెను. మన యంత్రములో విద్యుత్తు పని చేయునంతకాలము వేడి పుట్టుచునే యుండును. దానిని వెలుపలికి పంపుటతప్ప వేరు గతి లేదు.

1799లో లండనులో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపనకు ఆతడే ముఖ్యుడు. 1801లో హంఫ్రీ డేవీ యను యువకుని ఆతడే అచటికి రప్పించెను. ఆ డేవీ పిదప మైకేల్ ఫారడేను చేరదీసెను. కాని రంఫర్డు ఎవరితోను చిరకాలము పొసగలేకపోయెను. 1802లో పారిస్ చేరి, 1805లో లవోయిజర్ పండితుని వితంతువును వివాహమాడెను. కెలోరిక్ అను పేరును ప్రచారము చేసినవారిలో ముఖ్యుడు ఆ లవోయిజరే! ఆ సంసారము సుఖముగా సాగలేదు. ఆమెకు అతిథులు ప్రీతి. ఆతనికి ఏకాంతము ప్రీతి. ఒకనాడు ఆమె అతిథులను ఆతడు గేటువద్దనే ఆపివేయగా, ఆమె ఆతని పూలమొక్కలపై మరుగునీరు పోయించెనట. 1809లో విడిపోయిరి.

అటుపిమ్మట పారిస్ చెంత ఓతుయ్‌లో నివసించెను. నలుపు వేడిని అధికముగా వెదజల్లుననియు, తెలుపు తక్కువగా వెదజల్లుననియు పరిశోధించి యున్నందున, శీతకాలమందును తెల్లని దుస్తులు, తెల్లని టోపీ ధరించి తిరుగుచుండెను. వీథిలోని జనులు నవ్వుచుండిరి. ఆతడు లక్ష్యపెట్టలేదు. 1814వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీన అచటనే మరణించి, అచటనే ఖననము చేయబడెను. తాను పారిపోయివచ్చిన దేశములోని హార్వర్డు కళాశాలకు, ఒక ఆచార్యపదవి నేర్పరచుటకై తన ధనములో కొంత వ్రాసియుంచెను. ఒకప్పుడు కాలినడకన పోయి పాఠములు వినివచ్చినది అచ్చటనే.